మేనల్లుళ్లు, కొడుకులు, గురువులు: కెంటకీ నుంచి టెనెసీ దాకా

శుక్రవారం, లూయివిల్

అమెరికా విస్కీ అయిన బోర్బన్ సీసా ఏది చేతిలోకి తీసుకున్నా దాని మీద ఒక ఇంటిపేరు కనిపిస్తుంది. పక్కనే ఒక తాతగారి బొమ్మ, ఇన్ని తరాలుగా చేస్తున్నామన్న మాట కూడా చాలాసార్లు ఉంటాయి. ఈ కుటుంబాల్లో పెద్దవాళ్లు పిల్లలకు అసలు ఏం అప్పజెప్పారు? రాసిపెట్టిన కొలతలా, నాలుకా, మొండితనమా? అది దగ్గర నుంచి చూడాలని అక్టోబరులో కెంటకీ బయల్దేరాను.

లూయివిల్‌లో మా అక్కావాళ్లు ఉంటారు. ఎయిర్‌పోర్టుకు బావ వచ్చాడు. ఇంట్లో అడుగు పెట్టానో లేదో అక్క అందుకుంది. "ఏంది, మమ్మల్ని చూడ్డానికి అనుకుంటే, నువ్వొచ్చింది సారా బట్టీలు చూడ్డానికా?"

మాది నెల్లూరు జిల్లా. అక్క అలా అనడంలో న్యాయం ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన కబురు మా జిల్లా అంతా పాకింది. ఊరూరా ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని దుకాణాల ముందు నిలబడ్డారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. సాయంత్రం కూలి డబ్బు ఇంటికి చేరుతుందా లేదా అన్న టెన్షన్ ఏమిటో తెలిసిన ఊళ్లో పెరిగాం మేము. ఆ ఆడవాళ్ల మీద నాకున్న గౌరవం ఈ ప్రయాణంతో తగ్గేది కాదు.

అక్కకు ఒక సంగతి చెప్పాను. చేత్తో గొడ్డలి పట్టుకుని కాన్సస్‌లో మద్యం దుకాణాలు పగలగొట్టిన క్యారీ నేషన్ పుట్టింది ఈ కెంటకీలోనే, 1846లో. ఆమె మొదటి భర్త తాగుడుకు బలయ్యాడు. అలాంటి ఆడవాళ్ల పోరాటమే చివరికి 1920లో దేశమంతటా మద్య నిషేధం తెచ్చింది. అది 1933 డిసెంబరు దాకా సాగింది. నేను చూడాలనుకున్న పాత విస్కీ కుటుంబాలు నిషేధంతో పని పోగొట్టుకుని, మళ్లీ మొదలుపెట్టినవే. అక్క కాసేపు విని, "సరే, భోంచేసి వెళ్లండి. కారు మాత్రం బావే నడపాలి, ఒక్క చుక్క ముట్టకూడదు" అంది. బావ ఆ షరతుకు ఒప్పుకున్నాడు, నిలబెట్టుకున్నాడు కూడా.

సాయంత్రం మెయిన్ స్ట్రీట్‌లో నడిచాం. పోత ఇనుము ముఖభాగాలతో నిలిచిన ఆ పాత భవనాల వరుసను విస్కీ రో అంటారు. ఒకప్పుడు విస్కీ వ్యాపారుల ఆఫీసులన్నీ ఇక్కడే ఉండేవి. ఇప్పుడు మ్యూజియంలు, హోటళ్లు. చూడ్డానికి బాగుంది గానీ నేను వెతుకుతున్నది ఇక్కడ లేదనిపించి తొందరగా తిరిగొచ్చేశాం.

దారిలో బావ అడిగాడు, మామూలు విస్కీకీ బోర్బన్‌కీ తేడా ఏంటని. చట్టమే చెబుతుంది. అమెరికాలో తయారవ్వాలి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీ నుంచి దిగేటప్పుడు 80 శాతం, పీపాలోకి పోసేటప్పుడు 62.5 శాతం ఆల్కహాల్ మించకూడదు. పీపా కొత్త ఓక్ చెక్కతో చేసి లోపల కాల్చినదై ఉండాలి. రంగు గానీ రుచి గానీ బయటి నుంచి కలపకూడదు. అంటే ఆ ఎర్రటి తేనె రంగంతా కాలిన చెక్క ఇచ్చిందే. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని తమ దేశపు విశిష్ట ఉత్పత్తిగా గుర్తిస్తూ తీర్మానం చేసింది.

శనివారం, క్లెర్మాంట్, బార్డ్స్‌టౌన్

లూయివిల్ దాటి దక్షిణంగా అరగంట వెళ్తే క్లెర్మాంట్. జిమ్ బీమ్ డిస్టిలరీ ఇక్కడే. ఇంకా మైలు దూరం ఉందనగానే గాలిలో ఉడికిన మొక్కజొన్న వాసన తగిలింది. గిడ్డంగుల గోడలు, చుట్టుపక్కల చెట్ల బెరళ్లు నల్లగా మసిబారి ఉన్నాయి. పీపాల్లోంచి ఆవిరయ్యే ఆల్కహాల్‌ను తిని బతికే ఒక రకం బూజు అది. ఎక్కడ విస్కీ మాగుతుందో అక్కడల్లా ఇది ఉంటుంది. ఇరుగుపొరుగు ఇళ్ల గోడలకు కూడా పట్టుకుని జనాన్ని విసిగిస్తుంది.

బీమ్ వంశవృక్షం గోడ మీద పెద్దగా ఉంది. జర్మన్ మూలాలున్న జేకబ్ బీమ్ 1795లో తన మొదటి పీపా విస్కీ అమ్మాడు. ఆయన కొడుకు డేవిడ్, మనవడు డేవిడ్ ఎం., ఆ తర్వాత జేమ్స్ బ్యూరిగార్డ్ బీమ్. సీసా మీది జిమ్ ఈయనే. నిషేధం వచ్చేసరికి ఆయనకు యాభై అయిదు దాటింది. బట్టీ మూసేసి ఫ్లోరిడాలో నారింజ తోటలు పెట్టాడు, బొగ్గు గని నడిపాడు, సున్నపురాయి క్వారీ తీసుకున్నాడు. ఏదీ అచ్చిరాలేదు. నిషేధం ఎత్తేసేనాటికి దాదాపు డెబ్బై ఏళ్లు. ఆ వయసులో తమ్ముడు పార్క్‌నీ, కొడుకు జెరెమయానీ పక్కన పెట్టుకుని 120 రోజుల్లో క్లెర్మాంట్‌లో కొత్త డిస్టిలరీ లేపాడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఈస్ట్ కథ. నిషేధం పోయాక జిమ్ బార్డ్స్‌టౌన్‌లోని తన ఇంటి వెనక వరండాలో గాలిలో ఉండే ఈస్ట్‌ను పట్టి, పెంచి, దాంతో పులియబెట్టడం మొదలుపెట్టాడు. శనాదివారాలు డిస్టిలరీలో ఏదైనా జరిగితే ఆ ఈస్ట్ పోతుందని ఒక జాడీలో కొంత పోసుకుని కార్లో ఇంటికి తెచ్చుకునేవాడు. మన ఇళ్లలో పెరుగు తోడు ఆరిపోకుండా కాపాడుకున్నట్టే. తర్వాతి తరాలు కూడా ఆ అలవాటు వదల్లేదు. డిస్టిలరీ కాలిపోతే మళ్లీ కట్టొచ్చు, మొక్కజొన్న మళ్లీ కొనొచ్చు. ఆ జాడీలో ఉన్నది పోతే రుచి పోయినట్టే.

వంశవృక్షాన్ని జాగ్రత్తగా చూస్తే ఒక చోట ఇంటిపేరు మారుతుంది. జెరెమయాకు పిల్లల్లేరు. ఆయన చెల్లెలు మార్గరెట్ కొడుకు బుకర్ నో పనిలోకి వచ్చాడు. ఆరో తరం మాస్టర్ డిస్టిలర్, అంటే విస్కీ తయారీకి పెద్ద, మేనమామ దగ్గర పని నేర్చిన మేనల్లుడే. మన వైపు వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మనిళ్లలో కూడా ఎన్నో విద్యలు అలాగే దాటాయి కదా. బావ ఆ బొమ్మ ముందు నిలబడి, "ఇంటిపేరు అల్లుడి వైపు పోయినా పని మాత్రం ఆడబిడ్డ వైపే వచ్చింది" అన్నాడు.

బుకర్ చేసినవాటిలో అన్నిటికంటే గొప్పది 1988లో మార్కెట్లోకి వచ్చిన బుకర్స్. పీపాలోంచి తీసినది తీసినట్టు, నీళ్లు కలపకుండా, వడపోయకుండా సీసాలో నింపారు. అప్పటికి వోడ్కా రోజులు నడుస్తున్నాయి. బోర్బన్ ముసలివాళ్ల తాగుడు అయిపోయిందని అందరూ అనుకుంటున్నారు. అలాంటప్పుడు అమ్మకాల కోసం పలచన చేయకుండా ఇంకా ఘాటుగా బయటపెట్టడానికి గుండె కావాలి. ఆయన కొడుకు ఫ్రెడ్ 2007లో మాస్టర్ డిస్టిలర్ అయ్యాడు. మనవడు ఫ్రెడీ ఎనిమిదో తరం. తండ్రి పేరుతో అదే ఆవరణలో కట్టిన చిన్న డిస్టిలరీకి అతను మాస్టర్ డిస్టిలర్.

ఒకటి మాత్రం టూర్‌లో మెల్లగా దాటేస్తారు, నాకైతే అదే అసలు విషయం. 1934లో మళ్లీ మొదలుపెట్టడానికి డబ్బు షికాగో పెట్టుబడిదారులది. ఆ తర్వాత కంపెనీ ఎన్నో చేతులు మారింది. 2014 నుంచి జపాన్‌కు చెందిన సంటోరీది. ఇంటిపేరు బీమ్‌లది, బట్టీ దగ్గర నిలబడేది వాళ్ల పిల్లలు, ఆస్తి మాత్రం ఎప్పుడో వేరేవాళ్లది అయిపోయింది. ఆస్తి పోయాక కూడా పిల్లలు ఆ పనికే వస్తున్నారంటే, వాళ్లకు అందింది ఆస్తి కంటే బలమైనదేదో అయి ఉండాలి.

మధ్యాహ్నం బార్డ్స్‌టౌన్. చిన్న ఊరు, మధ్యలో పాత కోర్టు భవనం, చుట్టూ ఇటుక ఇళ్లు. ఊరి బయట గడ్డి గుట్టల మీద హెవెన్ హిల్ కంపెనీ గిడ్డంగులు తెల్లగా, ఎత్తుగా బారులు తీరి ఉన్నాయి. హెవెన్ హిల్ షాపిరా కుటుంబం ఆస్తి. కానీ అక్కడ విస్కీ కాసింది కూడా బీమ్‌లే. జిమ్ తమ్ముడు పార్క్ కొడుకు ఎర్ల్, ఎర్ల్ కొడుకు పార్కర్, పార్కర్ కొడుకు క్రెయిగ్. అంటే ఒకే తాత పిల్లలు ఎదురెదురు కంపెనీల్లో మాస్టర్ డిస్టిలర్లు.

1996 నవంబరు 7న ఇక్కడ ఒక గిడ్డంగికి అగ్గి అంటుకుంది. గాలి విపరీతంగా ఉంది. ఏడు గిడ్డంగులు, డిస్టిలరీ, 90,000 పైచిలుకు పీపాలు కాలిపోయాయి. మండుతున్న విస్కీ ఏరులా కొండ కిందికి పారింది. కాచడానికి బట్టీ కూడా మిగల్లేదు. అప్పుడు పోటీదారులైన జిమ్ బీమ్, బ్రౌన్-ఫార్మన్ కంపెనీలు తమ బట్టీల్లో హెవెన్ హిల్ కోసం విస్కీ కాచి ఇచ్చాయి. 1999లో లూయివిల్‌లోని బెర్న్‌హైమ్ డిస్టిలరీని కొనుక్కునే దాకా వాళ్లు అలా నెట్టుకొచ్చారు.

పార్కర్ బీమ్‌కు తర్వాత నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే ఏఎల్ఎస్ జబ్బు వచ్చింది. తన పేరుతో వచ్చే విస్కీ అమ్మకాల్లో కొంత భాగాన్ని ఆ జబ్బు మీద పరిశోధనకు ఇప్పించాడు. 2017లో పోయాడు.

ఆదివారం, లారెన్స్‌బర్గ్

ఈ ప్రయాణమంతా ఈ ఒక్క రోజు కోసమే అనుకోవచ్చు.

బార్డ్స్‌టౌన్ నుంచి బ్లూగ్రాస్ పార్క్‌వే మీద తూర్పుకు వెళ్తుంటే రెండు వైపులా ఎర్రబారుతున్న మేపుల్ చెట్లు, పొగాకు కొట్టాలు, గుర్రాల కంచెలు. లారెన్స్‌బర్గ్ దాటాక రోడ్డు కెంటకీ నది వైపు దిగుతుంది. నది ఒడ్డున సున్నపురాయి గట్టు మీద వైల్డ్ టర్కీ డిస్టిలరీ. ఎదురుగా 1889లో కట్టిన పాత రైలు వంతెన నది మీద ఎంతో ఎత్తున వేలాడుతుంటుంది. ఇప్పుడు రైళ్లు నడవవు. ఆ సున్నపురాయి వల్లే ఇక్కడి నీళ్లలో ఇనుము ఉండదు, కాల్షియం ఉంటుంది. ఇనుము ఉంటే విస్కీ నల్లబడి రుచి చెడుతుంది. కెంటకీలో ఇన్ని బట్టీలు వెలవడానికి మొదటి కారణం ఈ నీళ్లే.

జిమ్మీ రస్సెల్ 1954 సెప్టెంబరులో ఇక్కడ పనిలో చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. ఇదే ఊరివాడు. 2024లో ఆయన 70 ఏళ్ల సేవకు గుర్తుగా కంపెనీ ఒక ప్రత్యేక విస్కీ విడుదల చేసింది. ఒకే మనిషి, ఒకే చోట, ఒకే పని, డెబ్బై ఏళ్లు! యజమానులు ఎన్నోసార్లు మారారు. 2009లో ఇటలీ కంపెనీ కంపారీ కొనుక్కుంది. ఆయన మాత్రం మారలేదు.

ఆయనకు నేర్పినవాళ్లు ఇద్దరు. బిల్ హ్యూస్ అప్పటి మాస్టర్ డిస్టిలర్. రెండోవారు ఎర్నెస్ట్ రిపీ జూనియర్. ఈ గట్టు మీద విస్కీ కాసిన పాత యజమానుల కుటుంబం రిపీలది. నిషేధాలూ అమ్మకాలూ దాటి ఆస్తి చేయి జారాక, ఆ ఇంటి వారసుడు తన విద్యను ఊళ్లో ఒక కూలిమనిషిగా చేరిన కుర్రాడికి నేర్పాడు. నిన్న మేనల్లుడు, ఈరోజు శిష్యుడు. జిమ్మీకి రిపీల రక్తం లేదు, ఇంటిపేరు లేదు. అయినా రిపీల పని ఆయన చేతిలోనే బతికింది.

మా గైడ్ ఈ ఊరి మనిషే, వయసు మీద పడినవాడు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఓపికగా చెప్పాడు. ధాన్యంలో 75 శాతం మొక్కజొన్న, 13 శాతం గోధుమ లాంటి రై అనే ధాన్యం, 12 శాతం మొలకెత్తిన బార్లీ. మొక్కజొన్నను ఎక్కువ వేడిలో ఉడికించి, కాస్త చల్లారాక రై, ఇంకా చల్లారాక బార్లీ వేస్తారు. బార్లీలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఎక్కువ వేడిలో వేస్తే అవి చచ్చిపోతాయి. ముందు విడత బట్టీలో మిగిలిన పుల్లటి నీళ్లను కొంత కొత్త విడతలో కలుపుతారు. దానివల్ల పులుపు ఒక స్థాయిలో నిలిచి, పనికిరాని సూక్ష్మజీవులు పెరగవు, రుచి విడత విడతకూ మారదు. ఈస్ట్ జిమ్మీ కాలం నుంచీ అదే.

తొట్టి మీదికి వంగి చూశాను. పసుపు పచ్చటి జావ తనంతట తనే కుతకుతలాడుతోంది. కింద మంట లేదు. ఈస్ట్ చక్కెరను తిని వదిలే గ్యాస్ బుడగలే అవి. మొహం దగ్గర పెడితే ముక్కు మండింది. పులిసిన జావ ఎత్తైన రాగి స్తంభంలో పైనుంచి దిగుతుంటే కిందనుంచి ఆవిరి ఎక్కుతుంది, ఆల్కహాల్‌ను తీసుకుని పైకి పోతుంది. దాన్ని ఇంకోసారి కాస్తే నీళ్లలా తెల్లటి సరుకు. వాసన చూస్తే పచ్చి మొక్కజొన్న కంకి.

ఇక్కడి నుంచే జిమ్మీ మొండితనం మొదలవుతుంది. చట్టం 62.5 శాతం దాకా పీపాలో పోయొచ్చంటుంది. ఎక్కువ గాఢతతో పోస్తే తక్కువ పీపాలు సరిపోతాయి, సీసాలో నింపేటప్పుడు నీళ్లు ఎక్కువ కలుపుకోవచ్చు. ఖర్చు తగ్గుతుంది. చాలామంది అదే చేస్తారు. ఇక్కడ దశాబ్దాల పాటు 53.5 శాతం దగ్గరే పోశారు. తక్కువ గాఢతతో పోస్తే చెక్కలోంచి వచ్చే రుచిని తర్వాత నీళ్లతో పలచన చేయాల్సిన పని అంతగా ఉండదు. 2004లో 55కి, 2006లో 57.5కి పెంచారు. ఇప్పటికీ చట్టం ఇచ్చిన హద్దుకు దూరంగానే ఉన్నారు. పీపా లోపలి కాల్పు కూడా అంతే, నాలుగో నంబరు. చెక్క మొసలి చర్మంలా పగిలే దాకా కాలుస్తారు కాబట్టి వాళ్లు దాన్ని ఎలిగేటర్ చార్ అంటారు.

1970ల్లో, 80ల్లో అమెరికా అంతా వోడ్కా వైపు పోయినప్పుడు కెంటకీలో బట్టీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కొన్ని కంపెనీలు రుచిని తేలిక చేసి జనాన్ని పట్టుకోవాలని చూశాయి. 50.5 శాతం ఆల్కహాల్‌తో, అంటే శాతాన్ని రెట్టింపు చేసి చెప్పే అమెరికా ప్రూఫ్ లెక్కలో 101తో ఉండే వైల్డ్ టర్కీ 101 మాత్రం 101గానే ఉంది. ఆ రోజుల్లో బోర్బన్‌ను ఆదుకున్నవాళ్లలో జపాన్ వాళ్లు ముఖ్యులు. ఇప్పుడు కెంటకీలో మాగుతున్న పీపాలు ఆ రాష్ట్ర జనాభా కంటే ఎక్కువ. రుచి మార్చని ఒక తరం లేకపోతే ఈ కొత్త గిరాకీకి అందించడానికి ఏం మిగిలి ఉండేది?

కొడుకు ఎడ్డీ 1981లో చేరాడు, అదీ వేసవిలో నాలుగు డబ్బుల కోసం. గడ్డి కోశాడు, పీపాలు దొర్లించాడు. మాస్టర్ డిస్టిలర్ అన్న పేరు 2015లో వచ్చింది. ముప్పై నాలుగేళ్లు! తండ్రి ఇంకా కుర్చీలో ఉండగానే పక్కన ఇంకో కుర్చీ వేశారు. వాళ్లిద్దరి రుచులు వేరన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిందే. ఎనిమిది, పదేళ్లు మాగినది చాలు, అది దాటితే చెక్క రుచి ఎక్కువైపోతుందని తండ్రి నమ్మకం. కొడుక్కి ఇంకా పాతవంటే ఇష్టం. అతను తెచ్చిన మాస్టర్స్ కీప్ వరుసలో మొదటిది పదిహేడేళ్లది. ఎడ్డీ కొడుకు బ్రూస్ కూడా ఇప్పుడు ఇదే పనిలో ఉన్నాడు. ఈ పనిలో ఒక లెక్క ఉంది. ఈరోజు పోసిన పీపా ఎలా వచ్చిందో తెలియడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. మనిషి జీవితంలో అలాంటి ఎనిమిదేళ్లు ఎన్ని ఉంటాయి? తప్పు ఏదో, ఒప్పు ఏదో ఒక తరానికి పూర్తిగా అర్థం కాదు. కొడుకో శిష్యుడో పక్కన ఉండి తీరాలి.

1894లో కట్టిన గిడ్డంగిలోకి తీసుకెళ్లారు. చెక్క నిర్మాణం, పైన రేకులు, ఏడు అంతస్తులు. లోపల కరెంటు దీపాలు తక్కువ, వాసన మాత్రం నిండుగా. వనిల్లా, తడి చెక్క, కాలిన బెల్లం. పై అంతస్తుల్లో వేసవి ఎండకు పీపా లోపలి సరుకు చెక్కలోకి బాగా చొచ్చుకుపోతుంది, నీళ్లు ఎక్కువ ఆవిరై గాఢత పెరుగుతుంది. కింద చల్లగా, నెమ్మదిగా మాగుతుంది. రస్సెల్ కుటుంబానికి నడిమి అంతస్తులంటే మక్కువ. ఏటా ప్రతి పీపాలో నాలుగు శాతం దాకా గాలిలో కలిసిపోతుంది. దేవదూతల వాటా అంటారు దాన్ని.

2000 మే నెలలో ఇక్కడా ఒక గిడ్డంగి తగలబడింది. 17,000 పైగా పీపాలు. విస్కీ కొండ దిగి నదిలో కలిసింది. లారెన్స్‌బర్గ్‌కు మంచినీళ్లు కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది, నదిలో మైళ్ల కొద్దీ చేపలు చచ్చాయి. గైడ్ ఈ సంగతి దాచలేదు. ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి.

చివర్లో రుచి చూపించారు. తెల్ల సరుకు నాలుక మీద మంట, వెనక మొక్కజొన్న తీపి. 101 వేరే లోకం. ముందు కాల్చిన పంచదార, తర్వాత మిరియం, మింగాక చాలాసేపు గొంతులో నిలిచే వెచ్చదనం. చిన్న గుక్కలే. బావ మంచినీళ్ల సీసా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి నదిని ఫోటోలు తీసుకున్నాడు.

బయటికొస్తుంటే గైడ్ షాపులో ఒక చోటు చూపించాడు. ఏళ్ల తరబడి జిమ్మీ అక్కడ కూర్చుని వచ్చినవాళ్లందరితో మాట్లాడుతూ సీసాల మీద సంతకాలు పెట్టేవాడట. అంత పేరున్న మనిషి.

సోమవారం, దారిలో

బావకు ఆఫీసు. అద్దె కారు తీసుకుని ఐ-65 మీద ఒంటరిగా దక్షిణానికి బయల్దేరాను. మధ్యలో టైం జోన్ మారి ఒక గంట కలిసొచ్చింది.

ఒక ట్రక్కు నిండా ఖాళీ పీపాలు కనిపించాయి. బోర్బన్‌కు ప్రతిసారీ కొత్త పీపాయే కావాలి కాబట్టి ఒకసారి వాడినవి అమ్మేస్తారు. స్కాట్లాండ్, ఐర్లాండ్, మెక్సికో, చివరికి మన బెంగళూరు దాకా వెళ్తాయవి. 1948లో రాధాకృష్ణ జగ్దాలే స్థాపించిన అమృత్ డిస్టిలరీస్ తన సింగిల్ మాల్ట్‌ను, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసే విస్కీని, ఇలాంటి పీపాల్లోనే మాగిస్తుంది. ఆయన కొడుకు నీలకంఠ జగ్దాలే 2004లో దాన్ని నేరుగా గ్లాస్గోలో విడుదల చేశాడు, అదీ స్కాచ్ పుట్టింట్లో. బెంగళూరు ఎండకు దేవదూతల వాటా ఏటా పది శాతం పైనే పోతుంది. అందుకే అక్కడ నాలుగైదేళ్లకే విస్కీ మాగిపోతుంది.

రాత్రికి నాష్‌విల్ చేరి పడుకున్నాను.

మంగళవారం, లించ్‌బర్గ్

టెనెసీలోని ఈ చిన్న ఊళ్లో జాక్ డేనియల్స్ తయారవుతుంది. ఇది ఉన్న మూర్ కౌంటీలో మామూలు మద్యం దుకాణాలకు అనుమతి లేదు.

కొండ కింద గుహలోంచి నీటి ఊట ఏడాది పొడవునా ఒకే చల్లదనంతో వస్తుంది. పక్కనే షుగర్ మేపుల్ కట్టెలను పేర్చి బొగ్గు చేస్తారు. తెల్ల సరుకును పది అడుగుల ఆ బొగ్గులోంచి చుక్క చుక్కగా దింపి ఆ తర్వాతే పీపాలో పోస్తారు. టెనెసీ విస్కీకి బోర్బన్‌తో తేడా ఇక్కడే. 2013లో రాష్ట్రం దీన్ని చట్టంగా కూడా చేసింది.

జాక్ డేనియల్ పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. 1907లో డిస్టిలరీని అక్క కొడుకు లెమ్ మాట్లోకు అప్పగించాడు. మళ్లీ మేనల్లుడే! టెనెసీలో నిషేధం దేశం కంటే ముందే, 1910లో వచ్చింది. బట్టీ మళ్లీ వెలిగింది 1938లో. అన్నేళ్లు ఆగి మళ్లీ నిలబెట్టింది ఆ మేనల్లుడే.

కానీ జాక్‌కు నేర్పింది ఎవరు? చాలాకాలం డాన్ కాల్ అన్న ప్రచారకుడు, విస్కీ వ్యాపారి పేరు చెప్పేవాళ్లు. నేర్పింది ఆయన పొలంలో బానిసగా పనిచేసిన నాథన్ గ్రీన్. అందరూ నియరెస్ట్ అని పిలిచేవారు. చిన్న పిల్లవాడిగా పనికొచ్చిన జాక్‌ను కాల్ ఆయన చేతుల్లో పెట్టాడు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక జాక్ సొంతంగా మొదలుపెట్టినప్పుడు నియరెస్టే మొదటి మాస్టర్ డిస్టిలర్. ఆయన కొడుకులు జార్జ్, ఎలై, ఎడీ కూడా జాక్ దగ్గర పనిచేశారు. మనవలు, మునిమనవలు కూడా ఇదే డిస్టిలరీలో తరతరాలుగా పనిచేస్తూ వచ్చారు. బొగ్గుతో వడగట్టే పద్ధతికి పశ్చిమ ఆఫ్రికాలో మూలాలు ఉండొచ్చని కొందరు చరిత్రకారులు అంటారు.

ఒక పాత ఫోటో ఉంది. జాక్ తన మనుషులతో కూర్చుని ఉంటాడు. ఆయన పక్కనే ఒక నల్లజాతి మనిషి, నియరెస్ట్ కొడుకు జార్జ్ అని భావిస్తున్నారు. ఆ కాలపు దక్షిణాది రాష్ట్రంలో తెల్లవాళ్ల ఫోటోలో నల్లమనిషిని యజమాని పక్కన కూర్చోబెట్టడం మామూలు సంగతి కాదు. జాక్ ఎవరి దగ్గర నేర్చుకున్నాడో జాక్‌కు తెలుసు. మరిచిపోయింది తర్వాత వచ్చినవాళ్లు. కంపెనీ 150 ఏళ్ల పండగ చేసుకున్న 2016లో ఈ కథ పత్రికల్లోకి ఎక్కింది, ఆ తర్వాత టూర్‌లోకీ వచ్చింది. శుక్రవారం నుంచి నేను చూసిన గోడల మీది వంశవృక్షాలన్నిటికంటే ఈ ఒక్క ఫోటో నన్ను కదిలించింది. బీమ్‌ల కథలో విద్య చెల్లెలి కొడుక్కి దాటింది, రిపీల కథలో ఊరి కుర్రాడికి దాటింది, ఇక్కడ మాత్రం నేర్పిన మనిషికి తన సీసా మీద తన పేరు వేసుకునే హక్కే లేకపోయింది.

2019లో నియరెస్ట్ మునిమనవల తర్వాతి తరానికి చెందిన విక్టోరియా ఈడీ బట్లర్ ఆయన పేరుతోనే వచ్చే అంకుల్ నియరెస్ట్ విస్కీకి మాస్టర్ బ్లెండర్, అంటే వేర్వేరు పీపాల సరుకు కలిపి రుచి కూర్చే పెద్ద, అయింది. అంతకుముందు ముప్పై ఏళ్లకు పైగా ఆమె ఉద్యోగం నేర పరిశోధన విభాగాలకు సమాచారం విశ్లేషించే పని. విస్కీలో అమెరికాలో ఆ స్థానానికి వచ్చిన మొదటి నల్లజాతి మహిళ ఆమె.

మా టూర్‌లో యువ గైడ్ నియరెస్ట్ పేరు మొదటి పది నిమిషాల్లోనే చెప్పింది. అయిపోయాక వెళ్లి, ఎప్పుడూ ఇలాగే చెబుతారా అని అడిగాను. తాను చేరినప్పటి నుంచీ ఇలాగే నేర్పారని, తన నాయనమ్మ ఇక్కడ సీసాలు నింపే పనిలో ఉన్న రోజుల్లో మాత్రం ఆ పేరు బయటివాళ్లకు ఎవరూ చెప్పేవాళ్లు కాదని అంది. ఆమె తర్వాతి గుంపు అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. నాష్‌విల్‌లో సాయంత్రం ఫ్లైట్‌కు నాకూ టైం అవుతోంది.